కార్బైడ్... కత్తికి చుట్టం, పండుకు శత్రువు!

వేసవి వచ్చిందంటే మన ఆడవాళ్ళ నోట తప్పకుండా వినపడే ఇంగ్లీషు మాట ఒకటుంది. కార్బైడ్! పెద్ద చదువులు చదివినవాళ్ళూ అంటారు, సంతకం తప్ప మరేం రానివాళ్ళూ అంటారు. పండ్ల బండి దగ్గర నిలబడి, బంగినపల్లి పండు ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని "ఇది కార్బైడ్ పండులా ఉందయ్యా" అనని ఇల్లాలు మన గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు బజార్లలో ఉందంటే నేను నమ్మను. బండివాడి జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "అయ్యో కాదమ్మా, గడ్డిలో మాగేసిందే!"

అనడం అంటున్నాం సరే, అసలీ కార్బైడ్ అంటే ఏమిటి? అది మామిడిపండ్ల కోసం పుట్టిందేనా? కాదండీ. ఇప్పుడు మీ వంటగదిలో గ్రానైట్ గట్టు ఉంటే, దాని మెరుపు వెనక కార్బైడ్ ఉంది. పెరట్లో బోరు ఉంటే, ఆ రాతిని తొలిచింది కార్బైడే. మీ అబ్బాయి పరీక్ష రాసే బాల్‌పెన్ను మొనలో తిరిగే చిన్న గుండు కూడా చాలావాటిలో కార్బైడే. ఇన్ని మంచి పనులు చేసే పేరు పండ్ల దగ్గరకొచ్చేసరికి తిట్టుమాట ఎలా అయిందో, ఇంట్లో మనం దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో చెబుదామనే ఈ నాలుగు మాటలూ.

ఇంటర్ చదివిన రోజుల్లో కెమిస్ట్రీ అంటే నాకు చలిజ్వరం. అయినా ఈ సంగతి చాలా తేలిక. బొగ్గులో ఉండేదే కార్బన్. ఆ కార్బన్ ఏదైనా లోహంతోగానీ, సిలికాన్, బోరాన్ లాంటి మరో మూలకంతోగానీ బాగా పెద్ద వేడిమీద కలిసిపోతే వచ్చేదాన్ని కార్బైడ్ అంటారు. కాల్షియంతో కలిస్తే కాల్షియం కార్బైడ్, సిలికాన్‌తో కలిస్తే సిలికాన్ కార్బైడ్, టంగ్‌స్టన్ అనే బరువైన లోహంతో కలిస్తే టంగ్‌స్టన్ కార్బైడ్. కార్బైడ్ అనేది ఇంటిపేరు లాంటిదన్నమాట. ఇంటిపేరు ఒకటే అయినంత మాత్రాన అన్నదమ్ముల గుణాలు ఒకటవుతాయా? వీళ్ళలో ఒకడు నీళ్ళు తగిలితే చాలు బుసకొడతాడు. మిగతావాళ్ళు ఏళ్ళ తరబడి నీళ్ళలో నానినా ఉలకరు, పలకరు. మామిడి బుట్టలో దూరేవాడు ఆ బుసకొట్టేవాడే. ముందు వాడి సంగతి చూద్దాం.

సున్నమూ బొగ్గూ కలిస్తే

పిడుగురాళ్ళ మీదుగా వెళ్ళినవాళ్ళకి సున్నం బట్టీలు తెలిసే ఉంటాయి. సున్నపురాయిని బట్టీలో కాల్చి సున్నం తీస్తారు. ఆ సున్నాన్ని కోక్ అనే బొగ్గుతో కలిపి, కరెంటు కొలిమిలో సుమారు 2000 డిగ్రీల వేడిమీద కరిగిస్తే బూడిదరంగు గడ్డలు తయారవుతాయి. అదే కాల్షియం కార్బైడ్. బజారులో ఉత్త 'కార్బైడ్' అంటే ఇదే.

దీనికి నీళ్ళు తగిలితే ఎసిటలీన్ అనే గ్యాస్ పుడుతుందని 1862లోనే వోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త కనిపెట్టాడు. కానీ చౌకగా, టన్నుల లెక్కన చేసే దారి 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అనే ఆయనకు దొరికింది. అదీ ఇంకేదో లోహం తీద్దామని కొలిమి పెట్టుకుంటే ఇది తేలింది! అక్కడినుంచి లోకమంతా కార్బైడ్ దీపాలే. పైన నీళ్ళ గది, కింద కార్బైడ్ గది. పైనుంచి చుక్కచుక్కగా నీళ్ళు పడుతుంటే గ్యాస్ పుట్టి తెల్లటి వెలుగుతో మండుతుంది. కరెంటు దీపాలు పూర్తిగా రాని ఆ కాలంలో సైకిళ్ళకూ, మోటారు కార్లకూ, గనుల్లో పనిచేసే కూలీల టోపీలకూ ఇవే ఉండేవి.

దీపాలు పోయినా ఆ గ్యాస్ పని పోలేదు. ఆక్సిజన్‌తో కలిపి వెలిగిస్తే ఎసిటలీన్ మంట 3000 డిగ్రీలు దాటుతుంది. ఇనుమును మైనంలా కోస్తుంది. రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో ట్రాక్టర్ ట్రక్కు అతికినా, ఇనుప గేటు కోసినా చాలాచోట్ల ఆ మంటే. సిలిండర్లు అందుబాటులో లేనిచోట డ్రమ్ములో కార్బైడ్, నీళ్ళు కలిపి గ్యాస్ అక్కడికక్కడే తీసుకునేవాళ్ళు. అంచేత మన ఊళ్ళలో కార్బైడ్ దొరకడం ఏనాడూ కష్టం కాలేదు. వెల్డింగ్ కోసం వచ్చిన సరుకు పండ్ల కొట్టు దాకా నడవడానికి ఎంత దూరం చెప్పండి!

మామిడి బుట్టలో పొట్లం

ఒక సంగతి మనం ఒప్పుకోవాలి. మామిడి అనేది ఎలాగూ కాయగా కోసి మాగబెట్టాల్సిందే. చెట్టునే పండేదాకా ఆగితే మనకంటే ముందు చిలకలూ ఉడతలూ తింటాయి. నూజివీడు, మైలవరం వైపు తోటల్లో కోసిన కాయ విజయవాడ దగ్గర నున్న మార్కెట్టుకొచ్చి, అక్కడినుంచి మన ఊళ్ళకు చేరాలి. పండినదాన్ని లారీలో వేస్తే దిగేది గుజ్జే. కాబట్టి కాయగా కోయడం మోసం కాదు. దాన్ని పండించే పద్ధతిలోనే మోసమంతా.

పండు పండటానికి కావలసిన గ్యాస్‌ను పండే తయారుచేసుకుంటుంది. దాని పేరు ఎథిలీన్. గడ్డిలో మాగేస్తే ఆ ఎథిలీనూ, ఆ వెచ్చదనమూ బయటికి పోకుండా ఉండి కాయలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి పండుతాయి. కార్బైడ్ నుంచి వచ్చే ఎసిటలీన్ ఈ ఎథిలీన్‌కు నకలు లాంటిది. కాగితం పొట్లంలో నాలుగు కార్బైడ్ ముక్కలు కట్టి, కాయల మధ్య పెట్టి, పైన కప్పేస్తారు. కాయలనుంచి వచ్చే తేమే చాలు, గ్యాస్ పుడుతుంది, వేడీ పుడుతుంది. కాయకు పచ్చదనం పోయి పసుపు వచ్చేస్తుంది. లోపల మాత్రం తీపి ఎక్కడిది? పిండి పదార్థం చక్కెర కావడానికి దాని టైము దానికి కావాలి కదా! అందుకే పైన బంగారం, లోపల బెండు, టెంక దగ్గర పులుపు.

రుచి లేకపోతే పోయింది, ఆరోగ్యానికేం అంటారా? అక్కడే ఉంది అసలు గొడవ. ఈ కార్బైడ్ కొలిమి సరుకు, తినేవాళ్ళకోసం శుద్ధి చేసింది కాదు. అందులో ఆర్సెనిక్, అంటే పాషాణం జాతి విషం, ఫాస్ఫరస్ జాడలుంటాయి. తడి తగలగానే అవి కూడా విషవాయువులుగా బయటికొస్తాయి. కార్బైడ్ దగ్గర వెల్లుల్లి కంపు కొడుతుందే, అది ఎక్కువగా ఈ కల్తీ వాసనే. పండ్ల మీద పడే ఆ పొడి వల్ల తల తిరగడం, దాహం, నీరసం, మింగడం కష్టం కావడం, వాంతులు, చర్మం మీద పుళ్ళు రావచ్చని మన దేశంలో ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ హెచ్చరించింది. తినే మనకంటే ముందు ఆ పొట్లాలు కట్టే కూలీల చేతులూ, ఊపిరీ పాడవుతాయి. వాళ్ళ గురించి ఎవరూ మాట్లాడరు.

చట్టం లేదా అంటే ఉంది, ఎప్పటినుంచో ఉంది. పాత కల్తీ నిరోధక నిబంధనల్లోనే కార్బైడ్ గ్యాస్‌తో పండించిన పండ్లు అమ్మకూడదని ఉంది. 2006 ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనల్లోనూ అదే నిషేధం. 2015లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు ఈ కార్బైడ్ పండ్ల వ్యవహారాన్ని విచారణకు తీసుకుని ప్రభుత్వాలను గట్టిగా నిలదీసింది. 2016లో దీనికి బదులు ఎథిలీన్ గ్యాస్‌ను ఒక లెక్క ప్రకారం వాడుకోవచ్చని అనుమతించారు. గాలిలో పదిలక్షల వంతులకు 100 వంతులు మించకూడదు, అదీ తలుపులు బిగించిన గదుల్లో. 2025 మేలో అయితే గోదాముల్లో కార్బైడ్ దొరికితే దాన్నే సాక్ష్యంగా చూడొచ్చని రాష్ట్రాలకు చెప్పారు. ఎథిఫాన్ అని మరో మందుంది. దాని పొడి పొట్లాలను కాయకు తగలకుండా పెట్టి గ్యాస్ మాత్రమే తగలనివ్వాలి, ఆ మందు కలిపిన నీళ్ళలో కాయలు ముంచకూడదు. ముంచేవాళ్ళు ముంచుతూనే ఉన్నారు, అది వేరే కథ.

అంచేత "మందు పెట్టిన పండు" అని ఒకే గాటన కట్టకండి. ఎథిలీన్ గదిలో పండిన పండూ ఒకే రంగులో నిగనిగలాడుతుంది, దానికి భయపడనక్కర్లేదు. భయపడాల్సింది పొట్లానికి.

పండును చూసి చెప్పగలమా?

నూటికి నూరు పాళ్ళూ చెప్పలేం. కానీ మన చేతులకు కొంత తెలుస్తుంది. బుట్టంతా ఒకే పసుపు రంగులో ఉండి, పండు గట్టిగా ఉండి, ముచ్చిక దగ్గర వాసన చూస్తే మామిడి వాసనే లేకపోతే అనుమానించండి. మీద తెల్లటి పొడి, కాలినట్టు నల్లమచ్చలు ఉంటే ఇంకా అనుమానించండి. అన్నిటికన్నా ముఖ్యం, బుట్ట అడుగుకు చెయ్యి పోనిచ్చి చూడండి. కాగితం పొట్లాలు చేతికి తగిలాయా, వెల్లుల్లి వాసన వచ్చిందా, ఇక బేరమాడకుండా వచ్చేయండి. ఏప్రిల్ మొదట్లోనే కుప్పలుగా పండ్లు కనబడితే కూడా ఆశపడకండి. సీజను రాకుండా పండ్లు ఎలా పండాయో ఆలోచించండి. నీళ్ళలో వేస్తే కార్బైడ్ పండు తేలుతుంది, మంచి పండు మునుగుతుంది అని ఒక చిట్కా అందరి నోటా తిరుగుతోంది. ముదిరిన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది, ఆ పరీక్ష చెప్పేది అంతవరకే. ముదిరిన కాయకు కార్బైడ్ పెడితే అదీ బుడుంగుమని మునుగుతుంది!

బంగినపల్లి అయితే తోలు తీసి ముక్కలు కోసుకుంటాం. రసాల దగ్గరే ప్రమాదం ఎక్కువ. చిన్నరసం, పెద్దరసం మనం కోయం కదా, పిసికి ముచ్చిక కొరికి నోట్లో పెట్టుకుని జుర్రుకుంటాం. పిల్లలైతే మోచేతులదాకా కార్చుకుంటూ తోలు కూడా నమిలేస్తారు. తోలు మీద ఏముంటే అది తిన్నగా వాళ్ళ కడుపులోకే. అంచేత రసాలు తెచ్చిన వెంటనే పెద్ద గిన్నెలో నీళ్ళు పోసి అరగంట నానబెట్టి, కుళాయి కింద చేత్తో రుద్ది కడగండి. ముచ్చికను నోటితో కొరకనివ్వకుండా చాకుతో కోసి, మొదటి రెండు చుక్కలూ బయటికి పిండేసి అప్పుడు పిల్లల చేతికివ్వండి. కడిగితే పైన ఉన్నది పోతుంది గానీ లోపల ఉన్నది పోదు, అదీ గుర్తుంచుకోండి.

వీలైతే కాయలే కొని ఇంట్లో మాగేసుకోవడమంత హాయి లేదు. టెంక ముదిరిన కాయ చూసి కొనాలి. ముచ్చిక పక్కన భుజాలు నిండుగా పైకి లేచి, ముచ్చిక చిన్న గుంటలో ఉన్నట్టు కనబడితే ముదిరినట్టు. లేతకాయను ఎన్నాళ్ళు పెట్టినా ముడతలు పడుతుంది తప్ప పండదు. తెచ్చాక సొన కారిపోయేదాకా ముచ్చిక కిందికి పెట్టి ఉంచి, కడిగి, తడి పూర్తిగా ఆరనివ్వండి. పొడిగా ఉన్న మూలన వరిగడ్డి అరచేతి మందాన పరిచి, కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా ఒకే వరసలో పేర్చి, పైన మళ్ళీ గడ్డి, దానిమీద గోనెసంచి. నాలుగో రోజునుంచి రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి చూడాలి. పండినవి తీసేయాలి, మచ్చపడ్డదాన్ని వెంటనే అవతల పారేయాలి. లేకపోతే అదొక్కటే పక్కనున్న పదింటినీ చెడగొడుతుంది. వారం తిరిగేలోపు చాలావరకు వచ్చేస్తాయి. మాగే ఇల్లు వాసనే వేరు!

పట్నాల్లో గడ్డి ఎక్కడిదంటారా? అట్టపెట్టెలో పాత న్యూసుపేపర్లు పరిచి, కాయల మధ్య బాగా పండిన అరటిపండ్లు రెండు పెట్టి మూయండి. అరటిపండు ఎథిలీన్ బాగా వదులుతుంది, మామిడి త్వరగా దారికొస్తుంది. బియ్యం డబ్బాలో దాచినా అంతే. మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం పెట్టకండి, చెమట పట్టి కుళ్ళుతాయి. పండకముందు ఫ్రిజ్‌లో అసలు పెట్టకండి, చలికి ఆ కాయ ఇక సరిగ్గా పండదు. మన కొల్లిపర, కొల్లూరు లంకల అరటి గెలలకు పాతకాలంలో పొగబెట్టి మాగేయడం కూడా ఈ సూత్రమే. పొగలోనూ కాస్త ఎథిలీన్ ఉంటుంది. మన పెద్దవాళ్ళకు దాని పేరు తెలియదు, పని తెలుసు.

ఆవకాయ పెట్టేవాళ్ళకు ఈ బెడదే లేదు లెండి. మనకు కావలసింది పుల్లటి పచ్చికాయ. దానికి కార్బైడ్ పెట్టేవాడెవడూ ఉండడు.

పిల్లల చేతికి అందితే

పండ్ల కంటే నాకు ఎక్కువ భయం వేసేది ఇంకొకటుంది. కోతుల బాధ, అడవిపందుల బాధ పడలేక కొన్నిచోట్ల రైతులు కార్బైడ్ గొట్టం వాడుతున్నారు. ప్లాస్టిక్ పైపులో కార్బైడ్ ముక్కలు వేసి, కాసిని నీళ్ళు పోసి, గ్యాస్ నిండాక నిప్పురవ్వ తగిలిస్తారు. ఢామ్మని పేలుతుంది, కోతులు పరిగెడతాయి. చేలో పెద్దవాళ్ళు చేసే ఈ పని పిల్లలు చూస్తారు. చూసినది చేయకుండా ఊరుకుంటారా? 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో ఈ గొట్టాలనే బొమ్మ తుపాకుల్లా బజార్లో అమ్మారు. భోపాల్, గ్వాలియర్, జబల్‌పూర్ లాంటి ఊళ్ళలో వందమందికి పైగా, అందులో ఎక్కువమంది పిల్లలు, కళ్ళు దెబ్బతిని ఆసుపత్రుల పాలయ్యారు. కొందరికి చూపే పోయింది. చాలామందికి ఎలా జరిగిందో తెలుసా? పేలలేదేమిటా అని గొట్టంలోకి తొంగి చూశారు. సరిగ్గా అప్పుడు పేలింది.

ఈ గ్యాస్ ఎంత తొందరపాటుదో మన వంటగ్యాస్‌తో పోల్చి చెబుతాను. వంటగ్యాస్ గాలిలో సుమారు 2 నుంచి 10 శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. ఎసిటలీన్ రెండున్నర శాతం మొదలు 80 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. అంటే దాదాపు ఎప్పుడైనా పేలేదే. పైగా పేలినప్పుడు మంటతోపాటు చెల్లాచెదురయ్యేది కార్బైడ్ ముక్కలూ, తడి సున్నమూ. కంట్లో సున్నం పడితే ఏమవుతుందో తాంబూలం వేసుకునే ఇళ్ళవాళ్ళకు నేను చెప్పాలా?

కాబట్టి మీ ఆయన పొలానికి కార్బైడ్ తెస్తే మొహమాటపడకుండా అడగండి, ఎక్కడ పెట్టారని. ఇంట్లో వద్దు. పశువుల కొట్టంలోనూ వద్దు, అక్కడ తడి ఎప్పుడూ ఉంటుంది. తప్పనిసరైతే గాలి చొరబడని ఇనుప డబ్బాలో, పొడిచోట, పిల్లలకు అందకుండా, తాళం వేసి ఉంచాలి. ఆ డబ్బా దగ్గర దీపం, అగ్గిపుల్ల, బీడీ పనికిరావు. పొరపాటున అంటుకుంటే మనకు అలవాటైన బిందెడు నీళ్ళు మాత్రం పోయకండి. నీళ్ళు పోస్తే ఇంకా గ్యాస్ పుట్టి మంట ఎగుస్తుంది. పొడి ఇసుక పోసి, అందరినీ దూరంగా పంపేయాలి.

కంట్లో పడితే? నలపనివ్వకండి. రెప్ప తెరిచి, కనబడే ముక్క ఏదైనా ఉంటే పొడి మెత్తటి గుడ్డ కొసతో తీసేసి, వెంటనే ధారగా మంచినీళ్ళు పోస్తూనే ఉండండి. రెండు చెంబులతో ఆపేయకూడదు, కనీసం 20 నిమిషాలు. ఆ తర్వాత ఆలస్యం లేకుండా కంటి ఆసుపత్రికి. పసుపు నీళ్ళు, తల్లిపాలు, కొబ్బరినూనె, ఆముదం, ఇవేవీ వేయకండి. పక్కింటి పిన్నిగారు ఎంత నచ్చజెప్పినా సరే.

మంచి అన్నదమ్ములు

బుసకొట్టేవాడి సంగతి అయింది కదా, ఇప్పుడు మిగతా ఇంటివాళ్ళను చూడండి. వీళ్ళకు నీళ్ళంటే లెక్కలేదు, గ్యాస్ వదలరు. వీళ్ళ గొప్పంతా గట్టిదనంలో ఉంది.

1891లో అమెరికాలో అచెసన్ అనే ఆయన వజ్రాలు చేద్దామని మట్టినీ కోక్ పొడినీ కరెంటు పెట్టి కాల్చాడు. వజ్రాలు రాలేదు గానీ వజ్రానికి దగ్గరగా గట్టిగా ఉండే మెరుపు పలుకులు వచ్చాయి. అదే సిలికాన్ కార్బైడ్, ఆయన పెట్టిన పేరు కార్బొరండం. సానరాళ్ళకూ, నల్లటి ఉప్పుకాగితానికీ అదే. పాత మొజాయిక్ గచ్చు పాలిష్ చేసే మిషను మీకు గుర్తుండే ఉంటుంది, ఇల్లంతా బూడిదరంగు బురద చేసి మూడు రోజులు వంట మాన్పించేది. దాని కింద తిరిగే రాళ్ళు ఈ కార్బొరండానివే. మన ప్రకాశం జిల్లా చీమకుర్తిలో దొరికే నల్ల గ్రానైట్, అదే బంగారు చుక్కలున్న బ్లాక్ గెలాక్సీ, దేశదేశాలకు పోతోంది. గని నుంచి తీసిన రాయి గరుకుగా మట్టిగొట్టుకుని ఉంటుంది. దాన్ని కోసి, సిలికాన్ కార్బైడ్ రాళ్ళతోనూ వజ్రపు పొడి అద్దిన చక్రాలతోనూ వరసగా రుద్ది రుద్దితేనే మీ మొహం కనబడే గట్టు అవుతుంది.

టంగ్‌స్టన్ కార్బైడ్ కథ బల్బుతో మొదలైంది. బల్బులోపలి తీగను సన్నగా లాగడానికి వజ్రపు అచ్చులు కావాలి, అవి ఖరీదు. వాటికి బదులు ఏదైనా ఉందా అని వెతికిన జర్మనీవాళ్ళకు 1920లలో ఇది దొరికింది. దానికి 'విడియా' అని పేరు పెట్టి అమ్మారు, వజ్రంలాంటిదని వాళ్ళ భాషలో అర్థం. గోడకు గడియారం తగిలించడానికి ఎలక్ట్రీషియన్ వచ్చి "విడియా బిట్టు తేవాలమ్మా" అంటాడే, అదే ఇది! డ్రిల్లు మొనకు అతికిన చిన్న బిళ్ళ అది. కనిగిరి, పొదిలి వైపు వందల అడుగులు బోరు వేసినా, చీమకుర్తి గనిలో రాయికి కన్నం వేసినా, ఆ బోరు బిట్టు మొహం నిండా గుండీల్లా ఉండేవి టంగ్‌స్టన్ కార్బైడ్ గుండ్లే. నీళ్ళ కోసం మైళ్ళు నడిచిన మెట్ట పల్లెల ఆడవాళ్ళకు ఈ గుండీలు చేసిన మేలు చిన్నది కాదు. కొన్ని పల్లెల్లో ఆ లోతు నీళ్ళలో ఫ్లోరైడ్ కూడా వచ్చిందనుకోండి, ఆ పాపం గుండీలది కాదు.

కార్బైడ్ అనగానే భోపాల్ గుర్తొచ్చేవాళ్ళూ ఉన్నారు. 1984 డిసెంబరు 2 రాత్రి తెల్లవారేలోగా అక్కడి యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి గ్యాస్ లీకై వేలమంది పోయారు. ఆ గ్యాస్ కార్బైడ్ నుంచి పుట్టింది కాదు, మిథైల్ ఐసోసయనేట్ అనే వేరే విషం. ఆ కంపెనీ 1898లో అమెరికాలో కాల్షియం కార్బైడ్ చేయడానికి మొదలైంది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. మన ఇళ్ళలో టార్చిలైట్లకు వేసిన ఎవరెడీ సెల్స్ కూడా ఒకప్పుడు వాళ్ళవే. భోపాల్‌లో చేసింది సెవిన్ అనే పురుగుమందు. దాని అసలు పేరు కార్బరిల్. పేరులో 'కార్బ్' ఉన్నా అది కార్బైడ్ కాదు. పత్తి పురుగు మీద చల్లిన మందుల్లో అదీ ఒకటి. మన దేశంలో 2018లో దాన్ని నిషేధించారు. పత్తి, మిరప తప్ప వేరే లోకం తెలియని మన పల్లెల్లో పురుగుమందు డబ్బా లేని ఇల్లు ఉండేది కాదు కాబట్టి ఈ ముక్క కూడా చెప్పాను.

మళ్ళీ వంటింట్లోకి వద్దాం. కత్తి ఉక్కుకు పదును నిలిచేది కూడా దాంట్లో సన్నగా కలిసి ఉండే ఇనుప కార్బైడ్ వల్లే. ఆ పదును పోతే హార్డ్‌వేర్ షాపులో కార్బొరండం సానరాయి అడగండి, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉన్నది. పది నిమిషాలు నీళ్ళలో నానబెట్టి, తడిగుడ్డ మీద పెడితే జారదు. కత్తి వీపు రాయికి కాస్త పైకి లేచి ఉండేట్టు వాలుగా పట్టుకుని, ముందు గరుకు వైపు పది సార్లు, కత్తి తిప్పి మళ్ళీ పది సార్లు, తర్వాత నునుపు వైపు అలాగే. గట్టిగా అదమనక్కర్లేదు. అయ్యాక సబ్బుతో కడిగి తుడిచేయండి, రాయి పొడి కూరల్లో పడకూడదు. ఆంగ్లపు వి అక్షరంలా గాడి ఉండి, అందులో లాగితే పదునెక్కే చిన్న సాధనాలు వస్తున్నాయి, వాటి పళ్ళు టంగ్‌స్టన్ కార్బైడ్. అవి కత్తిని త్వరగా అరగదీస్తాయి, రోజువారీ చాకుకు చాలు. మామిడికాయలు కొట్టే పెద్ద కత్తిపీటను మాత్రం ఆవకాయకు వారం ముందే సానవాడికి ఇచ్చేయండి. సీజను మధ్యలో అతను దొరకడు.